ఐపీస్‌లో మచ్చ

ఫిబ్రవరి 7

ఒరే భూతద్దం,

పార్సిల్ మొన్న చేరింది. అట్టపెట్టెకి అంత టేపు చుట్టావేంటి, లోపల పాముందా? వంటింటి కత్తెర మొండిదైపోయింది. తీరా విప్పి చూస్తే బనీను గుడ్డలో నీ ఐపీస్. చేతికి నిండుగా, బరువుగా, చల్లగా ఉంది. అంచు మీద నువ్వు చెక్కిన 40 అంకె కూడా ముచ్చటగా ఉంది. డిసెంబర్లో టెలిస్కోపుకి కన్ను ఆనించే నా పాత ఐపీస్ డాబా మీంచి మురిక్కాలువలో పడి పగిలినప్పుడు నేను ఏడ్చానని మీ అమ్మ నీకు చెప్పిందట. ఏడవలేదు, జలుబు. నా చెల్లెలికి అన్నీ గోరంతలు కొండంతలే. అయినా గుర్తుపెట్టుకుని, మీ వర్క్‌షాపులో మూలపడ్డ పాత పరికరాల అద్దాలు ఏరి, నీ చేత్తో నువ్వే తయారుచేసి పంపావు. అందుకు నిన్ను మెచ్చుకోవాలి. మెచ్చుకున్నాను, అయిపోయింది.

ఇక అసలు సంగతి. నా జాబితాలో వంద గెలాక్సీలని నీకు తెలుసు. రిటైరైన రోజు ప్రెస్సు వాళ్లు గోడ గడియారం ఇస్తామంటే, ముప్పై ఏళ్లు గడియారం చూసుకుంటూనే ప్రూఫులు దిద్దాను, ఇంకా గడియారమెందుకు, టెలిస్కోపు ఇప్పించండి అన్నాను. ఆ రాత్రే జాబితా రాసుకున్నాను. ఐదేళ్లలో తొంభై నాలుగు చూశాను, తొంభై నాలుగింటికీ పెన్సిల్ బొమ్మలు గీశాను. మిగిలిన ఆరూ సింహరాశి, కన్యారాశి వైపున్నవే. మే దాకే వాటి కాలం, ఆ తర్వాత మబ్బులు. వచ్చే ఏడాదికి నా మోకాళ్లు డాబా మెట్లు ఎక్కనిస్తాయో లేదో తెలీదు. ఈ ఏడే వంద నిండాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు.

నిన్న నీ ఐపీస్ పెట్టి చూశాను. ఆకాశం ఎంత వెడల్పుగా ఉందో! కానీ మధ్యలో మచ్చ. మసి అంటిన వేలితో అద్దినట్టుంది. గెలాక్సీల సంగతి సరే, అవి ఎలాగూ సూటిగా చూస్తే దొరకవు, కాస్త పక్కకి చూస్తే చూపు అంచుకి తగిలే బాపతు. ఫోకస్ కోసమని ఒక నక్షత్రాన్ని తీసుకుని సూటిగా చూసేసరికి అది మాయం. కన్ను కదిపితే మచ్చా కదులుతోంది. అద్దం మీద మరకుందేమో చెప్పు. నీ బనీను గుడ్డ మీద నాకు నమ్మకం లేదు.

నీ కిందటి ఉత్తరం దిద్ది ఇందులో పెట్టాను, పద్నాలుగు తప్పులు. ఫోను వద్దని అందుకే అంటాను, అందులో ఎర్ర సిరా నడవదు.

పెద్దమ్మ


ఫిబ్రవరి 15

పెద్దమ్మా,

పద్నాలుగు తప్పులూ చూసుకున్నాను. మూడు తొందరలో చేసినవి, మిగతావి నిజంగానే నాకు రావు. ఇది భోజనాల టైములో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. పక్కన ఒక ఆసుపత్రి మైక్రోస్కోపు కడుపు తెరుచుకుని ఉంది, సాయంత్రంలోగా కుట్లు వెయ్యకపోతే మా ఫోర్‌మన్ నా కడుపు తెరుస్తాడు. గది మళ్లీ మారాను. మూడు నెలల్లో ఇది రెండోది. ఎక్కడా కాలు నిలవడం లేదు, నీ పోలికేనంటుంది అమ్మ.

అద్దం మీద మరక లేదు. ఒక్కో అద్దం నాలుగేసి సార్లు తుడిచాను. బనీను గుడ్డ చుట్టడానికి మాత్రమే. మచ్చ ఎందుకొచ్చిందో నేను చెప్తాను, ఎర్ర పెన్ను పక్కన పెట్టి చదువు.

నీ గొట్టం లోపల చిన్న అద్దం ఒకటి దారికి అడ్డంగా ఉంటుంది కదా, దాని నీడ ఎప్పుడూ ఉంటుంది. ఐపీస్ నంబరు పెరిగేకొద్దీ మాగ్నిఫికేషన్ తగ్గుతుంది, కంటికి వచ్చే వెలుతురు కట్ట లావవుతుంది. నీ పన్నెండు వందల మిల్లీమీటర్ల గొట్టానికి నలభై పెడితే ముప్పై రెట్లే. కట్ట మాత్రం ఏడు మిల్లీమీటర్ల దగ్గరికి వస్తుంది. నీ వయసులో కంటిపాప ఎంత చీకట్లోనైనా ఐదు తెరుచుకుంటే గొప్ప. ఎదురుగా వీధి దీపం ఉంటే మూడుకి ముడుచుకుంటుంది. అప్పుడు కట్ట అంచులన్నీ బయటే పోతాయి, నడిమి నీడ మాత్రం తిన్నగా లోపలికొస్తుంది. అదీ నీ మచ్చ. కన్నుతో పాటు కదులుతోందన్నావు, అది నీడ లక్షణమే.

అంటే నీకు నలభై పంపడం నా తప్పు. ఐపీస్ తప్పు మాత్రం కాదు. ఈసారి తల మీంచి నల్ల దుప్పటి కప్పుకుని, పావుగంట చీకట్లో కదలకుండా కూర్చుని, అప్పుడు చూడు. పావుగంట కూర్చోగలవా అన్నదే నా అనుమానం.

నీ భూతద్దం


ఫిబ్రవరి 24

ఒరే,

కూర్చున్నాను. పావుగంట కాదు, ఇరవై నిమిషాలు. నల్ల దుప్పటి లేదు, మీ పెదనాన్న పాత రెయిన్‌కోటు కప్పుకున్నాను. పక్కింటి టైపిస్టు బట్టలు తీసుకోవడానికి వాళ్ల డాబా ఎక్కి, నన్ను చూసి కెవ్వుమంది. దొంగననుకుందట. దొంగైతే ఆకాశం ఎందుకు చూస్తాడే, నీ గిన్నెలు చూస్తాడు గానీ అన్నాను. ఆ మాటకి కోపం వచ్చి మూడు రోజుల నుంచి మాట్లాడటం లేదు.

ఇంత చేసినా మచ్చ అక్కడే ఉంది. ఈలోగా చంద్రుడు పెరిగిపోయాడు, ఇంక పది రోజులు గెలాక్సీల జోలికి వెళ్లడానికి లేదు. ఒక్కటి, ఒక్కటైనా ఎక్కలేదు జాబితాలోకి. పొద్దున్నుంచి ఇంట్లో ఒక చోట కూర్చోలేకపోతున్నాను. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

దీనికి తోడు పిట్టగోడ గొడవ. మొన్న గురి కోసం ఎడమ కన్ను మూసి గొట్టం మీదుగా చూస్తుంటే పిట్టగోడ అంచు నడుమ కుంగి కనిపించింది. కట్టించి ఏడాది కాలేదు! తాపీ మేస్త్రీని పిలిపించాను. అతను దారం కట్టి, నీటిమట్టం పెట్టి, సూటిగా ఉందమ్మా అన్నాడు. పగలు చూస్తే నాకూ బాగానే ఉంది. ఎండకి సర్దుకుందేమో అన్నాను. గోడలు సర్దుకోవమ్మా, మనుషులే సర్దుకోవాలి అని వెళ్లిపోయాడు. పొగరు!

నీ నీడ కథ నేను నమ్మలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం నువ్వు. ఐపీస్‌ని నీ టేపుతోనే చుట్టి తిరిగి పంపిస్తున్నాను. విప్పి చూసుకో. నాకు రెండొందల రెట్లు చూపించేది పంపు, ఈ ముప్పై నా కాలికి ఇరుకు చెప్పు.

పెద్దమ్మ

ఈసారి తొమ్మిదే తప్పులు. బాగుపడుతున్నావు.


మార్చి 4

పెద్దమ్మా,

నీ పార్సిల్ అందరి ముందూ విప్పాను. ఎందుకు తిరిగొచ్చిందని ఫోర్‌మన్ అడిగాడు. నేను మొదటిసారి సొంతంగా చేసిన వస్తువది. ఎవరికి చేశానో కూడా అతనికి తెలుసు. తల కొట్టేసినట్టయింది.

ఇద్దరం కలిసి బల్ల మీద బిగించి, దీపం పెట్టి, తెర మీద చూశాం. మచ్చ లేదు. అద్దాలు విప్పి విడివిడిగా చూశాం, గీత కూడా లేదు. ఫోర్‌మన్ ఇరవై ఆరేళ్లుగా ఇదే పనిలో ఉన్నాడు. ఇంత శుభ్రంగా నేను కూడా చెయ్యలేదన్నాడు. ముప్పై ఏళ్లు ఎదుటివాడి తప్పులు వెతికిన కళ్లకి తప్పు లేకపోతే తోచదు కాబోలు. ఆడలేక మద్దెల ఓడంటారే, అట్లా ఉంది.

రెండొందలు పంపను. ఎందుకంటే గెలాక్సీ నక్షత్రం కాదు, పెంచేకొద్దీ పలచబడుతుంది, పాలలో నీళ్లు పోసినట్టు. ముప్పై రెట్లలో ఆకాశం తెల్లగా ఉండి చిన్న గెలాక్సీ అందులో కలిసిపోతుంది. రెండొందల్లో ఆకాశం నల్లబడుతుంది, దాంతో పాటు గెలాక్సీ కూడా పోతుంది. మధ్యలో ఒక మెట్టు ఉంటుంది, నీ గొట్టానికి అది వంద. అందుకని పన్నెండు నంబరుది పంపుతున్నాను, కొన్నదే, నేను చేసింది కాదు, కాబట్టి నమ్మొచ్చు. కట్ట రెండు మిల్లీమీటర్లే, నీ కంటిపాపలో పూర్తిగా పడుతుంది. అందులో నీడ అరమిల్లీమీటరు, దాన్ని చూడాలన్నా చూడలేవు. ఇప్పుడు కూడా మచ్చ ఉందన్నావంటే నా పేరు మార్చుకుంటాను.

భూతద్దం


మార్చి 13

బాబూ,

పన్నెండు నంబరు ఐపీస్ అందింది. నువ్వు చెప్పినట్టే వంద రెట్లు సరైన మెట్టు. తొంభై ఐదు, తొంభై ఆరు పూర్తయ్యాయి. బొమ్మల నకళ్లు జతచేశాను. రెండోది బియ్యపు గింజంత, ఒక కొస కాస్త వంగి ఉంటుంది. పక్కకి చూసి పట్టుకోవడానికి గంట పట్టింది. మిగిలినవి నాలుగు.

మచ్చ ఉంది. అదే మచ్చ, అదే సైజు. అడిగావు కాబట్టి చెప్పాను, ఇంక ఆ సంగతి నీకు రాయను. మద్దెల మంచిదే. ఆడేదానికే రాదు.

నలభై నంబరుది నీ దగ్గరే ఉంచుకో. అందరి ముందూ విప్పుతావని తెలిస్తే పంపేదాన్ని కాదు. నువ్వు చేశావని నేను ఈ వీధిలో ఎంతమందికి చూపించానో నీకు తెలీదు.

నీ ఉత్తరం తిరిగి పంపుతున్నాను. దిద్దలేదు.

పెద్దమ్మ


మార్చి 21, కొరియర్లో

పెద్దమ్మా,

నీకు పొద్దుటి నుంచి ఆరుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. అమ్మకి చేశాను. రేపు పొద్దుటి బస్సుకి నీ దగ్గరికి వస్తుంది, నిన్ను కంటాసుపత్రికి తీసుకెళ్తుంది. అమ్మతో గొడవ పడతావని తెలుసు, అందుకే కారణం రాస్తున్నాను.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం వచ్చింది. ఎర్ర సిరా లేని నా కాగితం చూసి ముందు ఒళ్లు మండింది. రాత్రంతా అటూ ఇటూ పొర్లాను. తెల్లవారాక రెండోసారి చదివితే ‘అదే సైజు’ దగ్గర ఆగిపోయాను.

అదే సైజు కావడానికి వీల్లేదు పెద్దమ్మా. నలభైలో ఉన్న నీడ పన్నెండులో మూడో వంతు కూడా ఉండకూడదు. అద్దంలో మరకైతే అద్దంతో పాటే పోవాలి. ఐపీస్ మారింది, మాగ్నిఫికేషన్ మారింది, మచ్చ మారలేదు. అంటే అది ఐపీస్‌లో లేదు, గొట్టంలో లేదు. నువ్వు చూసేది ఎప్పుడూ కుడికన్నుతోనే. మామూలప్పుడు రెండు కళ్లూ తెరిచి ఉంటాయి కాబట్టి ఎడమది కప్పిపుచ్చుతోంది. పగలు పిట్టగోడ బాగానే ఉండటం కూడా అందుకే. గొట్టం మీదుగా ఎడమ కన్ను మూసి చూసినప్పుడే అది కుంగింది. మేస్త్రీ దారం కట్టి మరీ చెప్పాడు. నేను ఆ ఉత్తరం చదివి నవ్వుకున్నాను.

ఇది చదవగానే ఎడమ కన్ను చేత్తో మూసి వంటింటి కిటికీ గ్రిల్లు చూడు. చువ్వలు వంకరపోతే అమ్మ కోసం కూడా ఆగకు, ఆటో ఎక్కెయ్. నీకు దండం పెడతాను.


ఏప్రిల్ 2

ఒరే భూతద్దం,

చువ్వలు వంకరపోయాయి. మధ్యలో రెండు అసలు లేవు. కిటికీ ముందు నిలబడి చెయ్యి తియ్యడం, మూయడం, ఎన్నిసార్లు చేశానో. మీ అమ్మ తలుపు కొట్టేదాకా అక్కడే ఉన్నాను. నాకు భయమేసిందిరా. ప్రెస్సు మంటల్లో కాలిన రోజు కూడా ఇంత భయపడలేదు.

డాక్టరమ్మ చిన్న వయసుది, గబగబా మాట్లాడుతుంది, నాకు నచ్చింది. కంటి వెనక పొరలో కొత్త రక్తనాళాలు పుట్టి కారుతున్నాయట, సరిగ్గా చూపు నడుమ. కంట్లోకే ఇంజెక్షన్. ఊహించుకోకు, ఊహించుకున్నంత ఉండదు. నెలకొకటి చొప్పున ముందు మూడు వెయ్యాలి. ఎన్నాళ్ల నుంచి మచ్చ ఉందని అడిగింది. ఫిబ్రవరి ఆరు అన్నాను, తేదీతో సహా. ఆరు వారాలు ఏం చేశారంటే, ఐపీస్‌లు మార్చామన్నాను. పెన్ను ఆపి నా వంక చూసింది. తర్వాత, అప్పుడే వచ్చి ఉంటే చాలావరకు నిలిచేది, ఇప్పుడు ఇక్కడితో ఆపడానికి చూద్దాం, నడుమ పోయింది మాత్రం పూర్తిగా రాకపోవచ్చు అంది. అంచులు భద్రమట. ఎడమ కన్ను ఇప్పటికి బాగుంది, రోజూ గళ్ల కాగితం చూసి పరీక్షించుకోవాలి.

ఇది దాచి రాయడం నాకు చేతకాదు, అందుకే ఉన్నదున్నట్టు రాశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నామని మీ అమ్మ వంటింట్లో కూర్చుని ఏడుస్తోంది. నీకేమీ అనకూడదని ఆమెకి గట్టిగా చెప్పాను. అన్నదా?

ఎండ పెరిగింది. ఈ నెల డాబా ఎక్కకూడదన్నారు, మెట్ల దాకా వెళ్లి వెనక్కొస్తున్నాను.

పెద్దమ్మ


ఏప్రిల్ 10

పెద్దమ్మా,

అమ్మ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఎన్నిసార్లు మొదలుపెట్టి చించానో. కళ్లకి పనికొచ్చే వస్తువులే చేస్తాను నేను, రోజుకి పది గంటలు. ఒక మనిషి మధ్యలో కనపడటం లేదని మూడు ఉత్తరాల్లో మొత్తుకుంటే, కన్నెలా ఉందని ఒక్క మాట అడగలేదు. నా ఐపీస్‌కి వంక పెట్టావన్నదే నా బాధ. పైగా సామెత కూడా చెప్పాను. అంతా నా వల్లే. నేను నోరు మూసుకుని ఉంటే నువ్వే డాక్టర్ దగ్గరికి వెళ్లేదానివి.

జాబితా వదిలెయ్యి పెద్దమ్మా. లేదా ఎడమ కన్నుతో చూడు, దానికి వీలుగా టెలిస్కోపు దగ్గర నువ్వు కూర్చునే బల్ల ఎత్తు మార్చి ఇస్తాను. రావాలనే ఉంది. బస్టాండు దాకా వెళ్లి తిరిగొచ్చాను కూడా. ఏ ముఖం పెట్టుకుని రాను?


మే 9

ఒరే భూతద్దం,

నీ ఉత్తరం దిద్ది పంపుతున్నాను. పదకొండు తప్పులు. పన్నెండోది తప్పు కాదు, ఒక వాక్యం మొత్తం కొట్టేశాను. ‘అంతా నా వల్లే’ అన్నది. మార్జిన్లో తోక గుర్తు వేశాను చూడు, దానికి ప్రెస్సులో ‘తీసెయ్’ అని అర్థం. అక్షరాలు కూర్చే కంపోజిటరు తీసేసేవాడు, మళ్లీ అడిగేవాడు కాదు. మూడు కాళ్ల కుందేళ్లు ఇద్దరం చెరొకటి పట్టుకున్నాం. నా కన్ను నా ముఖానే ఉంది, నేనూ అడగలేదు కదా. ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దినదాన్ని, ఎదురుగా ఉన్న తప్పుని కాగితం మీదికి నెట్టాను. ఆ ‘అదే సైజు’ని నువ్వు పట్టుకోకపోతే నేను ఈపాటికి ఐదో ఐపీస్‌ కోసం నీ ప్రాణం తీస్తూ ఉండేదాన్ని.

రెండో ఇంజెక్షన్ అయింది. కారడం ఆగిందన్నారు. మచ్చ పోలేదు. పోదని నేను అనుకునేశాను, నువ్వూ అనుకో.

పోయిన వారం డాక్టరమ్మ సరేనన్నాక డాబా ఎక్కాను. నువ్వు చెప్పినట్టు ఎడమ కన్ను పెట్టాను. అది వట్టి మొద్దు! ఐదేళ్లుగా మూసుకుని కూర్చోవడమే దానికి తెలుసు. గంటసేపు వెతికి, విసిగి, కుడికన్ను పెట్టాను. అలవాటు కొద్దీ కాస్త పక్కకి చూశాను. ఉంది! గెలాక్సీని సూటిగా ఎప్పుడు చూశాను గనక? చూపు నడుమ దానికి ఎప్పుడూ పనికిరాలేదు, అంచుతోనే కదా తొంభై ఆరూ చూసింది. ఆ అంచు అలాగే ఉంది. నక్షత్రం పోయింది, ముద్రించిన అక్షరం పోయింది, గెలాక్సీ మాత్రం ఉంది. డాబా మీద ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. పక్కింటి టైపిస్టు కిటికీ తెరిచి, ఏమైందండీ అని అడిగింది. అంటే మాటలు కలిశాయి.

తొంభై ఏడు, ఎనిమిది, తొమ్మిది ఆ వారంలోనే. నిన్న వందోది. పొడవుగా, సన్నగా, చెరిపేసిన పెన్సిల్ గీతలా ఉంది. వంద రెట్లే, నీ పన్నెండుతోనే. బొమ్మ నకలు పంపడం లేదు, వచ్చి చూడు. వచ్చేటప్పుడు నీ నలభై తీసుకురా, అది నాది. దానితో ఒక్కసారి ఆకాశాన్ని వెడల్పుగా చూడాలి, మచ్చ ఉంటే ఉండనీ.

ఏ ముఖం పెట్టుకుని రానన్నావు. ఉన్న ముఖమే పెట్టుకుని రా. ఎడమ కంటికి కూడా ఇలా రావచ్చని డాక్టరమ్మ అంది, రాకపోనూవచ్చు. అందుకని ఇప్పటి నుంచే కుడికంటితో మనుషుల్ని చూడటం సాధన చేస్తున్నాను. మీ అమ్మ మీద చేసి చూశాను, వస్తోంది. నువ్వు ఎదురుగా కూర్చున్నప్పుడు నేను ఎడమ కన్ను మూసి నీ చెవి వంక చూస్తాను. ఎటో చూస్తోందనుకుని లేచి వెళ్లిపోకు. నిన్నే చూస్తుంటాను.

పెద్దమ్మ